మోరీ నీళ్లు చెప్పిన లెక్క

మా గల్లీ మోరీకి మొహమాటం లేదు. లెక్క రాసుకోవడానికి ఎవరైనా వస్తే మనం ఇంట్లో మనుషుల్ని తగ్గించి చెబుతాం. షుగరుందా అంటే "ఏదో కొంచెం" అంటాం. కరోనా రోజుల్లోనైతే దగ్గు బయటికి వినపడకుండా టీవీ గట్టిగా పెట్టుకున్న ఇళ్లు కూడా నాకు తెలుసు. మోరీ మాత్రం ఏ ఇంటి నుంచి ఏం వచ్చినా దాచుకోకుండా మోసుకుపోతుంది. మన హైదరాబాద్ శాస్త్రజ్ఞులు ఈ గుణాన్నే పట్టుకుని మంచి పరిశోధన చేశారు. దాని గురించి, దానితో పాటు మన చుట్టుపక్కల జరిగిన మరో రెండు మూడు అధ్యయనాల గురించి చెప్పాలని ఈ వ్యాసం.

నేను లాల్‌దర్వాజా మనిషిని. సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. "తాజా అధ్యయనంలో వెల్లడి" అని పేపర్లో ఎక్కడ కనిపించినా కత్తిరించి ఫైల్లో పెట్టుకోవడం పాత అలవాటు. ఆ వార్తలతో నాకున్న పేచీ ఒక్కటే. ఎవరి మీద అధ్యయనం చేశారో వాళ్ల గడప దాకా అది రాదు. లండన్ పత్రికలో అచ్చవుతుంది, ఢిల్లీలో చర్చ జరుగుతుంది, గౌలిపురా మార్కెట్లో కూరగాయలమ్మే మనిషికి మాత్రం తన నెత్తురు ఏం చెప్పిందో తెలియదు.

మురుగు సంగతికి వస్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఇంచుమించు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మా సింహవాహిని మహంకాళి బోనాల కథను కూడా ఆ వరదతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించిన పూజతో ముడిపెట్టి చెబుతారు మా పెద్దలు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పేర్లు చెప్పి ఆయనకు దండం పెడతాం గానీ, నగరానికి మురుగు పారుదల పథకం కూడా ఆయన చేతి మీదుగానే వచ్చిందని తలుచుకునేవాళ్లు తక్కువ. మంచినీళ్లిచ్చినవాడు గుర్తుంటాడు, మోరీ కట్టించినవాణ్ని మరిచిపోతాం.

ఆ మోరీ చెప్పిన ఒక సంగతి ఇది. 2016 వేసవిలో అంబర్‌పేట దగ్గర తీసిన మురుగునీటి నమూనాలో పోలియో వైరస్ దొరికింది. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ కూడా వచ్చింది. మరి ఈ వైరస్ ఎక్కడిది? ఇది బయటి నుంచి వచ్చిన అడవి రకం కాదు, చుక్కల మందులోంచి పుట్టింది. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. పిల్లల పేగుల్లో కొన్నాళ్లు ఉండి మలంలో బయటికొస్తుంది. టీకా సరిగా అందని బస్తీల్లో అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ పోతే, మారుతూ మారుతూ ఎప్పుడో పాత బలాన్ని తిరిగి తెచ్చుకోగలదు. అందులోనూ దొరికింది రెండో రకం. సరిగ్గా ఆ రకాన్నే 2016 ఏప్రిల్ 25న దేశమంతా చుక్కల మందులోంచి తీసేశారు. అంటే ఆ తర్వాత పుట్టిన పిల్లలకు చుక్కలతో దాని నుంచి రక్షణ లేదు.

జబ్బు పడ్డ పిల్ల ఒక్కతీ లేదు. ఏ డాక్టరూ ఏ కేసూ చూడలేదు. మోరీ ఒక్కటే చెప్పింది. ఆ ఒక్క మాట మీద జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ప్రమాదం ఎక్కువున్న బస్తీల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు సూది మందు వేశారు. 3 లక్షల 11 వేల మందికి వేశారు, అనుకున్నవాళ్లలో 94 శాతం. ప్రపంచమంతా ఆ మందుకు కొరత ఉన్న రోజులవి. అందుకని మామూలు మోతాదులో ఐదో వంతు మాత్రమే తీసుకుని, కండలోకి దించకుండా చర్మం పొరల్లోకి ఎక్కించారు. చర్మంలో రక్షక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి అంత కొంచెమైనా పనిచేస్తుంది.

మా చెల్లెలు వాళ్ల బస్తీలో అంగన్‌వాడీలో వేస్తుంటే నేనూ వెళ్లాను. నర్సమ్మ సూదిని దాదాపు పడుకోబెట్టి గుచ్చింది. మందు లోపలికి పోతుంటే జబ్బ మీద పెసరగింజంత తెల్లటి బుడిపె లేచింది. ఆ బుడిపె లేస్తేనే సరిగ్గా పడినట్టట. పిల్లవాడు గుక్కపట్టాడు. మా చెల్లెలి కోడలికి కోపమొచ్చింది.

"అత్తమ్మా, చుక్కలేసిన్రు గదా, మల్ల ఈ సూదెందుకు? మా పిల్లగాని మీదనే పరీక్షలా?"

ఆ కోపం తప్పని నేననను. ఎందుకేస్తున్నారో చెప్పే కాగితం ముక్క అక్కడ లేదు. అంబర్‌పేట నాలా గురించి నేను చెప్పాక చల్లబడి, పక్కింటి ముంతాజ్ బీ మనవరాలిని కూడా తనే ఎత్తుకొచ్చింది. రెండు నిమిషాల మాట చాలింది.

నాలుగేళ్లకు కరోనా వచ్చింది. మన నగరంలోనే ఉన్న సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు కలిసి ఇక్కడి మురుగు శుద్ధి కేంద్రాలకు సీసాలు పట్టుకుని వెళ్లారు. కరోనా సోకినవాడు ముక్కుతోనే కాదు, మలంతోనూ వైరస్‌ను వదులుతాడు. ఇంచుమించు 35 రోజుల దాకా. నీళ్లలోకి చేరిన ఆ వైరస్ అవశేషం ఎవరికీ అంటుకోదు గానీ, దాని జన్యుపదార్థాన్ని మాత్రం పరీక్షతో పట్టుకోవచ్చు. తెచ్చిన నీళ్లను వడపోసి, చిక్కబరిచి, ముక్కులో పుల్ల పెట్టినప్పుడు చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షనే దీనికీ చేస్తారు. లీటరుకు ఎన్ని వైరస్ ప్రతులున్నాయో తెలుస్తుంది. కేంద్రానికి రోజూ ఎన్ని లీటర్లు వస్తాయో జలమండలి దగ్గర లెక్క ఉంటుంది. రెండింటినీ గుణించి, ఒక మనిషి రోజుకు సుమారుగా వదిలే ప్రతులతో భాగిస్తే ఎంతమందికి సోకిందో అందాజుగా వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు చేయగల లెక్క ఇది.

2020 ఆగస్టులో బయటపెట్టిన ఆ లెక్క ప్రకారం నగరంలో 35 రోజుల వ్యవధిలో దాదాపు 6 లక్షల 60 వేల మందికి, అంటే జనాభాలో 6 శాతానికి, వైరస్ సోకి ఉండాలి. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు లక్షలోపే. శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీళ్లలో వైరస్ జాడ ఉంది, శుద్ధయి బయటికి పోయే నీళ్లలో లేదు. కేంద్రాలు పని చేస్తున్నాయన్న మాట. ఈ రెండో సంగతి నాకు మొదటిదానికంటే ఎక్కువ నచ్చింది, ఎవరూ పెద్దగా రాయకపోయినా.

దీని లోపం కూడా చెప్పాలి. అప్పట్లో నగరం వాడే నీళ్లలో నూటికి 40 వంతులే శుద్ధి కేంద్రాలకు చేరేవి. మిగతా 60 వంతుల సంగతిని అంచనాతో పూరించారు. నేరుగా నాలాలోకి, అక్కణ్నుంచి మూసీలోకి పోయే మురుగు ఏ సీసాలోకీ రాదు. అంటే డ్రైనేజీ సరిగా లేని బస్తీ రోగానికి దగ్గరగానూ, లెక్కకు దూరంగానూ ఉంటుంది. పేదవాడి మలం కూడా జనాభా లెక్కలో చేరదన్న మాట!

మోరీ మాట ఎంతవరకు నిజమో తర్వాత నెత్తురు చెప్పింది. 2021 మొదట్లో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, భారత్ బయోటెక్ కలిసి నగరంలో 30 వార్డుల్లో, వార్డుకు 300 మంది చొప్పున 9 వేల మంది రక్తం పరీక్షించాయి. 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. అలా కనిపించినవాళ్లలో నూటికి 75 మందికి పైగా తమకు కరోనా వచ్చిపోయిందన్న సంగతే తెలియదు.

పోషకాహార సంస్థ పేరొచ్చింది కాబట్టి ఉప్మా కథ చెప్పకుండా ఉండలేను. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 పల్లెలకు అంగన్‌వాడీ పథకం వచ్చింది. 14 పల్లెలకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో రోజూ ఉప్మా వండిపెట్టారు. తల్లికి దాదాపు 500 క్యాలరీలు, పిల్లకు 300. అధ్యయనం అయిపోయింది, కాగితాలు బీరువాలో చేరాయి. పదిహేనేళ్లు గడిచాక సంజయ్ కిన్రా అనే పరిశోధకుడు, బ్రిటన్ విశ్వవిద్యాలయాలవాళ్లు, మన పోషకాహార సంస్థవాళ్లు కలిసి ఆ పిల్లల్నే మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లు 13 నుంచి 18 ఏళ్ల కుర్రకారు. 1,165 మంది దొరికారు. ఎత్తు కొలిచారు, రక్తం తీశారు, నాడి ఎంత సాగుతోందో చూశారు.

ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తెక్కువ. రక్తనాళాలు మరి కాస్త మెత్తగా ఉన్నాయి. ఇన్సులిన్ మాట శరీరం మరింత బాగా వింటోంది. అంటే ముందు ముందు షుగరు, గుండెజబ్బు వచ్చే అవకాశం తగ్గినట్టు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఇది అచ్చయింది. 14 మిల్లీమీటర్లంటే చిటికెన వేలి వెడల్పు. నాకైతే ఆ చిటికెన వేలి వెడల్పులో ఒక ప్రభుత్వ పథకం పరువు మొత్తం కనిపిస్తుంది. అంగన్‌వాడీ అంటే పిల్లల్ని కూచోబెట్టే చోటు అనుకునేవాళ్లకు ఈ ఒక్క అంకె చెప్పండి చాలు.

ఇక మనుషుల మధ్య సంబంధాల మీద పరిశోధన. మా పాతబస్తీవాళ్లకు ఇది కాస్త చేదు. అశుతోష్ వార్ష్ణేయ్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన మతఘర్షణల్ని లెక్కగట్టి 2002లో యేల్ విశ్వవిద్యాలయం ద్వారా పుస్తకం వేశాడు. పల్లెల్లో జరిగిన మరణాలు మొత్తంలో 4 శాతం కంటే తక్కువ. ఎనిమిది నగరాల్లోనే దాదాపు 46 శాతం, వాటిలో హైదరాబాద్ ఒకటి. మన నగరాన్ని లక్నోతో జత కట్టి చూశాడాయన. రెండూ నవాబుల ఊళ్లే, రెండింటిలోనూ ఇరు మతాలవాళ్లూ ఉన్నారు, మరి అక్కడ ఎందుకు తక్కువ, ఇక్కడ ఎందుకు ఎక్కువ? లక్నోలో చికన్ కుట్టుపని వ్యాపారం హిందూ వర్తకుణ్నీ ముస్లిం పనివాణ్నీ ఒకరి మీద ఒకరు ఆధారపడేలా కట్టిపడేసిందన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. పల్లెలో పలకరింపులు చాలు, నగరంలో మాత్రం కలిసి నడిపే సంఘాలు కావాలంటాడు.

చాన్నాళ్లు ఈ మాట నాకు మింగుడు పడలేదు. 1990 డిసెంబరు కర్ఫ్యూలో మా గల్లీలో గోడ మీదుగా పాల గిన్నెలు అందించుకున్నాం. ఆ గిన్నెలకు పుస్తకంలో చోటేదీ అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే ఆయనదే పైచేయి. పాల గిన్నె ఎంత గొప్పదైనా కర్ఫ్యూ రాకుండా ఆపలేదు. ఆటోవాళ్ల యూనియనో, మార్కెట్ కమిటీయో, ఇద్దరి డబ్బూ ఇరుక్కున్న చిట్టీయో ఉంటే పుకారును మొదటి గంటలోనే తుంచేసేవాళ్లేమో.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి మరో వైపు కూడా చెప్పే హక్కుంది నాకు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ హాస్టల్లో ఉన్న గిరిజన పిల్లల తరఫున చాలా చోట్ల సంతకాలు పెట్టింది వార్డెన్లు. అమ్మానాన్నలకు తెలియదు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చినా, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. మా చెల్లెలి కోడలు "మా పిల్లగాని మీదనే పరీక్షలా" అన్నదాంట్లో ఆ భద్రాచలం కూడా ఉంది.

2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, మీకు అర్థమయ్యే భాషలో వివరం ఇవ్వకుండా మామూలుగా మీ మీద ఏ పరిశోధనా చేయకూడదు. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. మానుకున్నందుకు మీ వైద్యం ఆగకూడదు. కాబట్టి ఫైలు పట్టుకుని ఎవరైనా తలుపు కొడితే మొహం మీద వేయకండి. రక్తం అడిగితే ఇవ్వండి. ఇచ్చే ముందు, ఏ సంస్థ నుంచి వచ్చారు, ఈ రక్తం దేనికి, ఏం తేలిందో మళ్లీ వచ్చి ఎప్పుడు చెబుతారు అని అడగండి. విశ్వవిద్యాలయాలవాళ్లకు నా మనవి కూడా ఇదే. ఇంగ్లీషు పత్రికలో అచ్చయిన రోజే ఒక వైపు తెలుగు, ఒక వైపు ఉర్దూ ఉన్న కాగితం ఒకటి మా బస్తీ దవాఖానా గోడకు అంటించండి. చదివి వినిపించే పని నాలాంటి రిటైరైన టీచర్లు చూసుకుంటారు.