పాత మోటార్‌హోమ్: గేరు మారిస్తే ఇంధనం ఆదా అవుతుందా?

1970లలో అమెరికాలో తయారైన మోటార్‌హోమ్‌లలో, అంటే చక్రాల మీది ఇళ్ళలో, చాలావాటికి మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉండేది. ఓవర్‌డ్రైవ్ లేదు. అందువల్ల హైవే మీద ఇంజన్ అవసరానికి మించి తిరిగేది. దీనికి ఒక మార్గం, వెనుక ఇరుసులోని క్రౌన్‌వీల్, పినియన్ జతను మార్చడం.

లెక్క చేద్దాం. టైరు చుట్టుకొలత 2.4 మీటర్లు, వేగం గంటకు 90 కిలోమీటర్లు అనుకోండి. చక్రం నిమిషానికి 625 సార్లు తిరగాలి. క్రౌన్‌వీల్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 9 పళ్ళు ఉంటే, టాప్ గేరులో ఇంజన్ సుమారు 2850 చుట్లు తిరుగుతుంది. పినియన్‌కు 11 పళ్ళుంటే 2330 చాలు. 18 శాతం తగ్గిందన్నమాట!

మరి ఇంధనమూ 18 శాతం ఆదా అవుతుందా? కాదు. గాలిని తోసుకుపోవడానికి, బరువును లాగడానికి కావలసిన శక్తి మారలేదు. తగ్గేవి ఇంజన్ లోపలి ఘర్షణ, గాలి పీల్చుకునే శ్రమ మాత్రమే.

నష్టమూ ఉంది. చక్రానికి అందే టార్క్ కూడా అంతే తగ్గుతుంది. కొండ ఎక్కేటప్పుడు తరచుగా కింది గేరు పడుతుంది, గేర్‌బాక్సు నూనె వేడెక్కుతుంది. గేర్‌బాక్సు నుంచి నడిచే స్పీడోమీటర్‌ను సరిచేయకపోతే, అది 74 చూపేటప్పుడు అసలు వేగం 90 ఉంటుంది!

కాబట్టి చదునైన దారులకే ఈ మార్పు లాభం. పైసా ఖర్చు లేని పొదుపు మాత్రం వేగం తగ్గించడమే. గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కదా! మీ గేర్ల సైకిల్‌కు ఇదే లెక్క కట్టి చూడండి.