ఫిర్యాదు చేయడానికొచ్చిన దెయ్యం

సీక్వెల్ అంటే పాత కథకు కొనసాగింపు. 2009 జనవరిలో విడుదలైన 'రాజ్: ది మిస్టరీ కంటిన్యూస్'లో మాత్రం కొనసాగింది పేరొక్కటే. 2002లో ఘనవిజయం సాధించిన 'రాజ్'లోని జంట లేదు, ఊటీలోని ఇల్లు లేదు, దర్శకుడు విక్రమ్ భట్ కూడా లేరు. ఆయన కుర్చీలో మహేశ్ భట్ మేనల్లుడు మోహిత్ సూరి కూర్చున్నారు. జనం నోట్లో నానిన పేరుంటే కథ ఏదైనా ఫర్వాలేదన్నది నిర్మాతల లెక్క.

అయినా ఈ సినిమాను తీసిపారేయలేం. కారణం అందులోని దెయ్యం. మన హారర్ సినిమాల్లో పగబట్టిన ఆత్మలది సాధారణంగా సొంత గోడు. మొదటి 'రాజ్'లో మాలిని అలాంటిదే: పెళ్లయినవాణ్ని ప్రేమించి, కాదనిపించుకుని, ప్రాణం తీసుకుని అతని కాపురం మీద పడుతుంది.

రెండో సినిమాలో చిత్రకారుడు పృథ్వి (ఇమ్రాన్ హష్మీ) తనకు పరిచయమే లేని యువతి బొమ్మలు గీస్తుంటాడు. అందులోని ప్రమాదాలు మోడల్ నందిత (కంగనా రనౌత్)కు నిజంగానే ఎదురవుతుంటాయి. ఆమె ప్రియుడు యశ్ (అధ్యయన్ సుమన్) మూఢనమ్మకాల గుట్టు విప్పే టీవీ షో నడిపే మనిషి, దేన్నీ నమ్మడు. ఆచూకీ వెతుక్కుంటూ పోతే కాళింది అనే ఊరు తేలుతుంది. అక్కడ రసాయన ఫ్యాక్టరీ విషం చిమ్ముతోంది. దాన్ని ఎదిరించి హతమైన మాజీ సైనికాధికారి (జాకీ ష్రాఫ్) ఆత్మే ఇదంతా నడిపిస్తోంది. తన మాట ఎవరో ఒకరు వినాలన్నదే దాని ఆరాటం. 1984లో భోపాల్‌ను చూసిన దేశంలో ఇలాంటి దెయ్యం తెర మీదికి రావడానికి పాతికేళ్లు పట్టిందంటే ఆశ్చర్యమే.

చిక్కల్లా, ఈ సంగతిని చివరి ఘట్టాల దాకా దాచిపెట్టడం. అప్పటిదాకా ఉలికిపాట్లు, ముక్కోణపు ప్రేమ, 'మాహీ', 'సోనియో' పాటలు. పాటలైతే సినిమాకన్నా ఎక్కువకాలం బతికాయి. ఊరి జనం మాత్రం నేపథ్యంగానే మిగిలిపోయారు.

ఆ దారిలో భట్‌లు మళ్లీ అడుగు పెట్టలేదు. 2012లో విక్రమ్ భట్ తిరిగొచ్చి 'రాజ్ 3'ని త్రీడీలో తీశారు. వెలుగు తగ్గుతున్న తార (బిపాసా బసు) కొత్త తార (ఈషా గుప్తా) మీద చేతబడికి దిగే ఆ కథ బాగానే ఆడింది. 2016 నాటి 'రాజ్ రీబూట్' రొమేనియా దాకా వెళ్లి, మళ్లీ ఓ కొత్త జంట, ఓ పెద్ద భవంతి, భర్త దాచిన ఓ రహస్యం దగ్గరే ఆగింది. వసూళ్లూ ఆదుకోలేదు.