పాత కారుకు మీటర్లు కొంటున్నారా? అందం సరే, సూది నిజం చెప్తుందా?

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల షెడ్లలో అంబాసిడర్, కాంటెస్సా, జీపు కనిపిస్తాయి. దాదాజాన్ నడిపిన బండిని అమ్మడానికి మనసొప్పక, దాన్ని బాగు చేయించుకునే కుర్రాళ్లు పెరుగుతున్నారు. నికాహ్ రోజు దూల్హాను అందులోనే ఎక్కించాలని కొందరి ముచ్చట. అయితే పెయింటు, సీట్లు, ఇంజన్ పికప్ మీద పెట్టే శ్రద్ధ డాష్‌బోర్డులోని మీటర్ల మీద ఉండటం లేదు. నల్లటి డయల్, క్రోమ్ రింగు ఉంటే చాలు, కొనేస్తున్నారు. ఆ సూది తప్పు చూపిస్తే నష్టం ఎక్కడ మొదలవుతుందో మన ఘాట్ రోడ్లే చెప్తాయి.

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే భాకరాపేట ఘాట్ రెండూ ఇంజన్‌కు పరీక్షే. ఎండాకాలం, ఇంటిల్లిపాదీ కూర్చున్న బండి, సెకండ్ గేరులో ఎక్కుడు. పైగా పికప్ కోసం ట్యూన్ చేసిన ఇంజన్ అయితే వేడి మరింత ఎక్కువ. ఆ సమయంలో డ్రైవర్‌కు లోపలి సంగతి చెప్పేది మీటరు ఒక్కటే.

టెంపరేచర్ మీటరు

మామూలుగా ఇంజన్ నీళ్లు 80–90 డిగ్రీల మధ్య ఉండాలి. రేడియేటర్ మూత 7 పౌండ్ల ఒత్తిడిని ఆపగలిగితే, నీళ్లు దాదాపు 110 డిగ్రీల దాకా మరగవు. అందుకే ‘సి’, ‘హెచ్’ అక్షరాలు మాత్రమే ఉన్న డయల్ కంటే అంకెలు వేసిన డయల్ మేలు. 90కి, 105కి తేడా కంటికి కనబడాలి. ఇంకో విషయం. ఎక్కుతున్న సూది ఒక్కసారిగా పడిపోతే ఇంజన్ చల్లబడిందని సంతోషపడకూడదు. నీళ్లు కారిపోయి సెన్సర్ గాలిలో ఉండిపోయినా సూది అలాగే పడుతుంది. వెంటనే బండి పక్కకు ఆపాలి.

ఆయిల్ మీటరు

ఇంజన్ బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు కనీసం 10 పీఎస్ఐ ఒత్తిడి ఉండాలన్నది మెకానిక్కుల పాత లెక్క. ఆయిల్ మీటర్లు రెండు రకాలు. మెకానికల్ మీటరులో ఇంజన్ ఆయిల్ సన్నని గొట్టం గుండా డాష్‌బోర్డు దాకా వస్తుంది. లోపల వంకీ తిరిగిన ఇత్తడి గొట్టం ఒత్తిడికి కాస్త విచ్చుకుని సూదిని తిప్పుతుంది. 1849లో ఫ్రాన్సుకు చెందిన బోర్డన్ కనిపెట్టిన పద్ధతి ఇది. కచ్చితంగా చూపిస్తుంది. కానీ గొట్టం పగిలితే వేడి ఆయిల్ కాళ్ల మీద పడుతుంది. కాబట్టి చవక ప్లాస్టిక్ గొట్టం వద్దు. ఎలక్ట్రిక్ మీటరుకు ఆ భయం లేదు, కానీ దానికి సరైన సెన్సర్ కావాలి.

సెన్సర్ జత కుదరాలి

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. వీడీవో పద్ధతి ఆయిల్, పెట్రోల్ మీటర్లకు సెన్సర్ 10 నుంచి 180 ఓమ్‌ల వరకు పెరుగుతుంది. అమెరికన్ పద్ధతిలో 240 నుంచి 33కు తగ్గుతుంది. ఒకదాని సెన్సర్‌కు ఇంకోదాని మీటరు తగిలిస్తే ట్యాంకు నిండినప్పుడు ఖాళీ అని, ఖాళీ అయినప్పుడు ఫుల్ అని చూపిస్తుంది. మీటరు, సెన్సర్ ఒకే కంపెనీవి, ఒకే సెట్టుగా తీసుకోండి. చెన్నై పుదుపేట మార్కెట్లో విడిగా పాత మీటరు దొరికితే దాని సెన్సర్ కూడా అడగండి.

ఆంప్ మీటరా, వోల్ట్ మీటరా?

పాత బండ్లలో డైనమోతో పాటు 30–0–30 ఆంప్ మీటరు ఉండేది. బండి కరెంటంతా దాని గుండానే పోతుంది. ఇప్పుడు డైనమో తీసేసి పెద్ద ఆల్టర్నేటర్ పెడుతున్నారు. దానికి ఏసీ, పెద్ద లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ తోడు. పాత తీగ ఆ కరెంటును మోయలేక వేడెక్కి నిప్పు పుట్టవచ్చు. వోల్ట్ మీటరు ఇంత కరెంటు మోయనక్కర్లేదు. ఇంజన్ ఆపి ఉంటే 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్ సరిగా ఉన్నట్టు.

స్పీడో మీటరు, ఆర్‌పీఎం మీటరు

టైరు సైజు మారిస్తే స్పీడు లెక్క కూడా మారుతుంది. టైరుపై సుద్దముక్కతో గీత పెట్టి, ఒక చుట్టు తిప్పి నేల మీద దూరం కొలవండి. పాత టైరు 200 సెంటీమీటర్లు, కొత్తది 210 అయితే, సూది 60 చూపించినప్పుడు బండి నిజంగా 63లో ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడో మీటరు నిజమైన వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఫోన్‌లోని జీపీఎస్‌తో పోల్చి చూసుకోవచ్చు, కానీ ఫోన్ చూసే పని పక్క సీట్లోని వారికి అప్పగించండి. ఆర్‌పీఎం మీటరులో సిలిండర్ల సంఖ్య సెట్ చేయాలి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ఉండదు, కాబట్టి దాని సిగ్నల్‌ను ఆల్టర్నేటర్ ‘డబ్ల్యూ’ టెర్మినల్ నుంచి తీసుకుంటారు. ఆ సౌకర్యం ఉన్న మీటరే కొనాలి.

బిగించే ముందు పరీక్ష

టెంపరేచర్ సెన్సర్‌ను మీటరుకు, బ్యాటరీకి కలిపి, దాని కొనను మరిగే నీళ్లలో ముంచండి. సెన్సర్ బాడీకి ఎర్త్ ఇవ్వడం మరవద్దు. తిరుపతిలో సూది 100 దగ్గర ఆగాలి. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. సూది 85 దగ్గరే ఆగితే ఆ సెట్టు వాపసు ఇచ్చేయండి. ఆయిల్ మీటరును మెకానిక్ దగ్గరి మాస్టర్ గేజ్‌తో సరిపోల్చాలి.

చట్టం మాట

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాన్ని వింటేజ్‌గా ‘వీఏ’ నంబరుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఆ ఆలోచన ఉంటే డాష్‌బోర్డు కోసి డిజిటల్ స్క్రీన్ పెట్టకండి. తీసిన పాత మీటర్లు కూడా పారేయకుండా దాచండి. ఇంజన్ మార్చాలంటే మాత్రం ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకోవాలి.

అన్నీ ఒకేసారి కొనలేని వాళ్లు ముందు టెంపరేచర్, ఆయిల్ మీటర్లు కొనండి. ఇంజన్ పట్టేస్తే బోరు, క్రాంకు పనికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ రెండింటి ధర చిన్నదే. వోల్ట్ మీటరు తర్వాత, ఆర్‌పీఎం మీటరు చివర్లో పెట్టుకోవచ్చు. బిల్లు, గ్యారంటీ కార్డు, వైరింగ్ కాగితం తీసుకునే షాపు వదలండి.