బాణసంచా: మందు, మోత, చట్టం

2024వ సంవత్సరం దీపావళినాడు, అనగా అక్టోబరు 31వ తేదీన, ఏలూరు పట్టణంలో ఒక ద్విచక్ర వాహనం మీద ఉల్లిపాయ బాంబుల మూట పెట్టుకొని పోతున్నారు. దారిలో వాహనం ఒక గుంతలో పడినది. ఆ కుదుపునకు మూట పేలిపోయినది. వాహనం నడుపుతున్న మనిషి అక్కడికక్కడే మరణించాడు. చుట్టుపక్కల ఉన్నవారు పలువురు గాయపడ్డారు. ఎవరూ వత్తి వెలిగించలేదు, అగ్గిపుల్ల గీయలేదు. మరి నిప్పు ఎక్కడినుంచి వచ్చినది?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, బాణసంచా మీద ప్రభుత్వం ఇన్ని నిబంధనలు ఎందుకు పెట్టిందో సగం అర్థమైనట్లే.

కట్టె మండాలంటే గాలిలోని ఆమ్లజని కావాలి. మండుతున్న కట్టె మీద కుండ బోర్లిస్తే మంట ఆరిపోతుంది. కాని చిచ్చుబుడ్డి మీద కుండ బోర్లించినా అది ఆరదు; కుండే పగులుతుంది. ఎందుచేతననగా దానికి కావలసిన ఆమ్లజని దాని మందులోనే ఉన్నది. సురేకారం, అనగా పొటాసియం నైట్రేటు, వేడెక్కినప్పుడు ఆమ్లజనిని విడుస్తుంది. పక్కనే ఉన్న బొగ్గు, గంధకం, అల్యూమినియం పొడి దానిని అందుకొని మండుతాయి. ఆమ్లజనిని ఇచ్చేది ఒకటి, పుచ్చుకొనేది ఒకటి: మతాబునుంచి తారాజువ్వ వరకు అన్నిటిలోనూ ఈ జంటయే ఉంటుంది. మందు విడిగా పోస్తే బుస్సుమని మండుతుంది. అదే మందును కాగితపు చుట్టలు గట్టిగా చుట్టి బంధిస్తే, పుట్టిన వాయువులకు పోయే దారి లేక టపాకాయ అవుతుంది.

ఇక ఆమ్లజనిని ఇచ్చే పదార్థాలన్నీ ఒకే స్వభావం కలవి కావు. సురేకారం నిదానమైనది. బాగా వేడి చేస్తేగాని తన ఆమ్లజనిని వదలదు. పొటాసియం క్లోరేటు అటువంటిది కాదు. అది గంధకంతో గాని, గంధకం కలిసిన ఖనిజాలతో గాని చేరినప్పుడు చిన్న దెబ్బకు, రాపిడికి కూడా అంటుకుంటుంది. అంతేకాదు, తేమ తగిలిన గంధకం మెల్లమెల్లగా ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం క్లోరేటును విచ్ఛిన్నం చేస్తుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా త్వరపరుస్తుంది. కావున ఈ మిశ్రమం ఎవరూ ముట్టుకోకుండా మూలను పడి ఉన్నా ఒకనాటికి తనంతట తానే అంటుకొనవచ్చు. గోడకు కొడితే పేలే ఉల్లిపాయ బాంబులలో సాధారణంగా ఉండేది ఈ జాతి మిశ్రమమే. అందులో వేసే గులకరాళ్లు రాపిడికి పనికివస్తాయి. గోడకు కొట్టిన దెబ్బ, రోడ్డుమీది గుంత ఇచ్చిన దెబ్బ, ఈ రెంటికీ మందుకు తేడా తెలియదు. ఒకటి పేలగానే మిగిలినవన్నీ ఆ దెబ్బకే పేలుతాయి.

ఈ సంగతి కొత్తగా కనుగొన్నది కాదు. బ్రిటన్‌లో 1894లోనే క్లోరేటును గంధకంతో కలిపి బాణసంచా చేయడాన్ని నిషేధించారు. మన దేశంలో ఆ నిషేధం 1992 జనవరి 27న వచ్చినది. నడుమ దాదాపు నూరేళ్లు గడిచాయి! మన నిషేధానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి: శాస్త్ర పరిశోధనకు వాడే స్వల్ప పరిమాణాలు, అగ్గిపుల్లల తలలు, పిల్లల ఆట తుపాకులలో పెట్టే కాగితపు రీళ్లు. అగ్గిపుల్ల తలలోనూ క్లోరేటు, గంధకం కలిసే ఉంటాయి. అయితే అది ఆవగింజ కంటె కొంచెం పెద్దది, పైగా జిగురుతో బిగించినది. పరిమాణం చిన్నదైనప్పుడు అదే మిశ్రమం పనిముట్టు, మూట కట్టినప్పుడు మృత్యువు.

రంగుల సంగతి కొంత వేరు. స్ట్రాన్షియం ఎరుపునూ, సోడియం పసుపునూ, రాగి నీలాన్నీ, బేరియం ఆకుపచ్చనూ ఇస్తాయని రసాయనశాస్త్రం చదివే విద్యార్థులు ఎరుగుదురు. వీటిలో బేరియం నైట్రేటుకు రంగుతోపాటు ఆమ్లజనిని ఇచ్చే గుణం కూడా ఉన్నది. అందుచేత ఆకుపచ్చ రంగు అవసరం లేని కాకరపువ్వొత్తులలో సైతం దానిని విరివిగా వాడుతూ వచ్చారు. బేరియం లవణాలలో నీటిలో గాని, జీర్ణాశయంలోని ఆమ్లంలో గాని కరిగేవి విషం. అవి కండరాలను బలహీనపరచి, గుండె లయను తప్పిస్తాయి. ఇక్కడ తరగతిలో ఒక మంచి ప్రశ్న వేయవచ్చు: ఆసుపత్రిలో జీర్ణాశయానికి ఎక్సురే తీసే ముందు రోగిచేత తాగించే తెల్లని ద్రవం కూడా బేరియమే కదా, అది ఎందుకు చంపదు? అది బేరియం సల్ఫేటు. నీటిలోనూ, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు కనుక వచ్చిన దారినే బయటికి పోతుంది.

ఇప్పుడు మోతను గురించి కొంచెం వివరంగా చూద్దాం. ఇందులో లెక్క ఉన్నది కనుక ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుంది. 1999 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ నియమాల కింద ఒక హద్దు పెట్టినది. పేలిన చోటునుంచి 4 మీటర్ల దూరాన కొలిచినప్పుడు, ఒక కొలమానంలో 125 డెసిబెళ్లను, ధ్వని శిఖరాన్ని పట్టే మరో కొలమానంలో 145 డెసిబెళ్లను మించిన టపాకాయలను తయారు చేయరాదు, అమ్మరాదు, కాల్చరాదు. డెసిబెల్ గుణకారపు లెక్క. 20 డెసిబెళ్లు పెరిగితే ధ్వని పీడనం పదిరెట్లు అవుతుంది. 145 డెసిబెళ్ల శిఖరమనగా సుమారు 356 పాస్కళ్ల పీడనం. వాతావరణ పీడనంలో ఇది మూడు వందలో వంతు కంటె కొంచెం ఎక్కువ. అంతేనా అనిపిస్తుంది. కాని మామూలు మాటల పీడనం పాస్కలులో ఏ యాభయ్యో వంతో ఉంటుంది. దానితో పోల్చితే ఇది పదివేల రెట్లకు మించినది.

బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా మోత సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 4 మీటర్ల దగ్గర 125 ఉన్నది 8 మీటర్ల దగ్గర 119, 16 మీటర్ల దగ్గర 113. రెండువైపులా మిద్దెలున్న ఇరుకు సందులో గోడలు మోతను తిరగగొడతాయి కనుక ఇంతగా తగ్గదు. ఈ లెక్కను వెనక్కు నడిపించి చూడండి. 145 డెసిబెళ్ల శిఖరం కలిగిన టపాకాయ అరమీటరు దూరాన, అనగా చేతి పొడవులో, పేలినదనుకొందాం. 4 నుంచి 2, 2 నుంచి 1, 1 నుంచి అర. మూడుసార్లు సగమైనది కనుక 18 డెసిబెళ్లు కలిపితే 163 అవుతుంది. చట్టం ఒప్పుకొన్న టపాకాయయే చేతిలో పేలితే చెవికి ఇంత దెబ్బ. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మనిషికి మళ్లీ మొలవవు. (సెల్‌ఫోనుతో టపాకాయ మోత కొలవాలని విద్యార్థులు ఉబలాటపడవచ్చు. ఆ ఫోనులోని మైకు అంత హఠాత్తుగా వచ్చే పెద్ద మోతను పట్టలేదు. అది చూపే అంకె నమ్మదగినది కాదు.)

సరాలు, అనగా ఒకదానికొకటి కట్టిన టపాకాయల దండలకు ఆ నియమంలోనే ఒక సూత్రం ఉన్నది. దండలో ఉన్న కాయల సంఖ్యకు పది ఆధారంగా సంవర్గమానం తీసి, దానిని 5తో గుణించి, వచ్చిన డెసిబెళ్లను హద్దులోనుంచి తీసివేయాలి. వంద కాయల దండకు 10, వెయ్యి కాయల దండకు 15 తగ్గుతాయి. వెయ్యింటిలో ఒక్కొక్కటీ 110ని మించరాదన్నమాట. సంవర్గమానాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే విద్యార్థికి చూపించదగిన సూత్రమిది. అయితే 2018 నుంచి దీనికి పని తప్పినది, ఎందుచేతననగా సుప్రీంకోర్టు సరాలనే నిషేధించినది.

ఆ తీర్పు కథ 2015లో ఢిల్లీలో మొదలైనది. ముగ్గురు పసిపిల్లల తరఫున, వారి ఊపిరితిత్తుల ఆరోగ్యాన్ని కాపాడవలసిందని వ్యాజ్యం వేశారు. శీతకాలపు మొదట్లో ఢిల్లీలో నేలకు దగ్గరగా చల్లని గాలి, దాని మీద వెచ్చని గాలి మూతవలె నిలుస్తుంది. పొగ పైకి పోదు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని ధూళికణాలు ఆ మూత కింద చిక్కుకొని ఊపిరితిత్తుల అడుగుకు చేరుతాయి. 2018 అక్టోబరు 23న కోర్టు తీర్పు చెప్పినది. బేరియం లవణాలు కూడదు. తక్కువ పొగ వచ్చే బాణసంచాయే తయారు చేయాలి, లైసెన్సు కలవారే అమ్మాలి, ఇంటర్నెట్ ద్వారా అమ్మరాదు. దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలి. తమ పండుగ తెల్లవారుజామునే జరుగుతుందని తమిళనాడు ప్రభుత్వం మొరపెట్టుకొన్నప్పుడు, రోజుకు రెండు గంటలు మించకుండా వేళ మార్చుకోవచ్చునని కోర్టు ఒప్పుకొన్నది. 2025లో ఢిల్లీ ప్రాంతంలోనూ పండుగకు పరిమిత దినాలలో, పరిమిత వేళలలో ఆకుపచ్చ బాణసంచాకు అనుమతి వచ్చినది.

ఈ ‘ఆకుపచ్చ’ అనే పేరు చూచి పొగ రాదని అనుకోరాదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ వీటి సూత్రాలను తయారు చేసినది. బేరియం వాడక, అల్యూమినియం తగ్గించి, పేలినప్పుడు నీటి ఆవిరి వెలువడి ధూళిని అణచేటట్లు చేయడం అందులో ఒక పద్ధతి. ధూళి సుమారు 30 శాతం తగ్గుతుందని చెప్తారు. అనగా 70 శాతం మిగిలే ఉన్నది. నూరు కాల్చే ఇంట నూట యాభై కాలిస్తే ఆ లాభం పోయినట్లే. వేళల నియమం కంటె మందులో ఏమి కలపాలనే నియమమే బలమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రతి వీధిలోనూ గడియారం పట్టుకొని పోలీసువారు నిలబడలేరు. కార్మాగారంలో బేరియం కలపకపోతే ఏ వీధిలోనూ దాని పొగ ఉండదు. బ్రిటన్‌లో కూడా 2004 నుంచి రాత్రి 11 తరువాత బాణసంచా కాల్చరాదు. అక్కడి మనవారికి సంతోషం కలిగించే సంగతి ఒకటున్నది: ఆ నియమం దీపావళిని పేరుపెట్టి చెప్పి, ఆ రాత్రి ఒంటిగంట వరకు అనుమతించినది.

పండుగ ముందు మైదానాలలో వెలిసే తాత్కాలిక దుకాణాలకు 2008 నాటి పేలుడు పదార్థాల నియమాలు ఉన్నాయి. దుకాణం మండని సరకుతో కట్టాలి. దుకాణానికీ దుకాణానికీ 3 మీటర్లు ఎడముండాలి, ఎదురెదురుగా ఉండరాదు. ఒకచోట యాభైకి మించరాదు. 50 మీటర్ల లోపల బాణసంచా కాల్చరాదు. వేలాడే తీగకు విద్యుద్దీపం కట్టరాదు. విద్యార్థులు ఈసారి దుకాణాలకు వెళ్లినప్పుడు ఆ 3 మీటర్లు అడుగులతో కొలిచి చూడవచ్చు.

కొనేవాని భద్రత గురించి ఇంత చెప్పి, చేసేవాని గురించి చెప్పకపోవడం న్యాయం కాదు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగిన పేలుడులో ముప్ఫై మందికి పైగా మరణించారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది, అదే సంవత్సరం అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరంలో మరికొందరు పోయారు. మందు కలిపే గదిలో కొద్దిమందే ఉండాలని, మందు కొంచెమే ఉండాలని, గదికీ గదికీ దూరం ఉండాలని నియమాలు చెప్పేది ఇందుకే. ఒక గది పేలినా పక్క గది నిలవాలి. పండుగ దగ్గరపడి ఆర్డర్లు పెరిగినప్పుడు గదిలో మనుషులూ పెరుగుతారు, మందూ పెరుగుతుంది. ఎండబెట్టిన సరకు వెంట వెంట మోయక అక్కడే పేర్చుతారు. అప్పుడు మధ్యనున్న దూరం కాగితం మీదనే ఉంటుంది.

ఉల్లిపాయ బాంబుకు ఈ నియమాలలో ఏదీ తగలదు. దానికి పెట్టె లేదు, పెట్టె మీద తయారీదారు పేరు లేదు, డెసిబెళ్ల అంకె లేదు. కాగితంలో పొట్లం కట్టి చేతినుంచి చేతికి పోతుంది. పండుగ రోజులలో విద్యార్థి ఎవరైనా ఒకటి రెండు బడికి తెస్తే, ఉపాధ్యాయులు వానిని లాక్కొనరాదు, బల్ల సొరుగులో పడవేయరాదు, చెత్తబుట్టలో వేయరాదు. ఆ పిల్లవానిచేత మెల్లగా, దెబ్బ తగలకుండా నేల మీద పెట్టించి, గది ఖాళీ చేయించి, తలుపు మూసి, అగ్నిమాపక దళానికి 101కి ఫోను చేయాలి.