నోటి దగ్గర తెల్లటి మరక

ఎడిటర్ గారు అడిగింది గుత్తి సాలీడు గురించి. నెమలికంఠం రంగులో మెరిసిపోతున్న దాని ఫొటో ముఖచిత్రానికి అప్పటికే ఖాయమైంది. "మన సీమ సాలీడు దేశదేశాల్లో పెంపుడు జీవి ఎలా అయిందో రాయండి. బుధవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి" అన్నారు సోమవారం పొద్దున. ఆ వేటలోనే 2022లో 'జర్నల్ ఆఫ్ పారాసైటాలజీ'లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం కంటపడింది. అంతుపట్టకుండా చచ్చిపోతున్న పెంపుడు టరాంటులాల నోళ్లలో ఏముందో చెప్పే పత్రం అది. చదవడం మొదలుపెట్టాక మిగతా కాగితాలన్నీ పక్కకు జరిగాయి. గుత్తి సంగతి చివర్లో ఒక బాక్సులో చెబుతాను. ముందు ఆ నోటి కథ.

లాస్ ఏంజెలెస్‌లో టరాంటులాలను పెంచి టోకున అమ్మే ఒకరి దగ్గర సాలీళ్లు వరసగా చనిపోసాగాయి. ఒంటి మీద గాయం లేదు, తేమ తగ్గలేదు, మేత మారలేదు. కనిపించిన తేడా ఒక్కటే. కొన్నింటి నోటి చుట్టూ తెల్లగా ఏదో పేరుకుంది. 2018లో ఆ పెంపకందారు రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నులిపురుగుల మీద పనిచేసే ఆడ్లర్ డిల్‌మన్‌ను సంప్రదించారు. చచ్చిన సాలీడును చెత్తబుట్టలో పడేసి ఇంకొకటి తెచ్చుకోవడం తేలిక. ఆ తేలిక దారి పట్టకపోవడం వల్లే ఈ రోగానికి కారణం దొరికింది.

ఆ తెల్లటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే కదులుతోంది. నులిపురుగులు! ఏటా బడుల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు వేయించేదీ, టమాటా వేళ్లకు బుడిపెలు కట్టించేదీ ఈ జాతి బంధువులే. ప్రపంచంలో పేరుపెట్టి వర్ణించిన నులిపురుగులు పాతిక వేల రకాలకు పైనే ఉన్నాయి. టరాంటులాలను పట్టుకునేవిగా వాటిలో లెక్కకొచ్చింది ఇది రెండోది మాత్రమే. మొదటిదాన్ని 2018లోనే స్పెయిన్ శాస్త్రవేత్తలు వర్ణించారు.

కారణం ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడిందో పత్రం చదివితే అర్థం కాలేదు. డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకుతో మాట్లాడితే అర్థమైంది. వాడి గదిలో గాజు పెట్టెలో చిలీ దేశపు గులాబిరంగు టరాంటులా ఒకటుంది. వీడియో కాల్‌లో చూపించాడు. ఎండిన కొబ్బరిపొట్టు మీద, మట్టి మూకుడు నీళ్ల పక్కన, అరచేయంత సాలీడు ఎవరి గొడవా పట్టనట్టు కూర్చుంది.

"అయిదు నెలలైంది అక్కా, ఒక్క పురుగు కూడా ముట్టలేదు."

"మరి భయం వేయలేదా?"

"మొదటిసారి నిద్ర పట్టలేదు. ఇప్పుడు అలవాటైపోయింది. దీనికి ఇది మామూలే."

చిక్కంతా ఆ 'మామూలే'లో ఉంది. ఈ జాతి సాలీడు నెలల తరబడి తినకుండా ఉండగలదు. కుబుసం విడిచే ముందు దాదాపు అన్ని టరాంటులాలూ మేత మానేస్తాయి. పెంచేవాళ్లకు నేర్పే మొదటి పాఠమే ఉపవాసానికి కంగారు పడొద్దని. ఈ నోటి రోగం మొట్టమొదటి లక్షణం కూడా ఉపవాసమే! కుక్క రెండు పూటలు తినకపోతే డాక్టర్ దగ్గరికి పరుగెడతాం. సాలీడు రెండు నెలలు తినకపోతే కుబుసానికి సిద్ధమవుతోందని సంబరపడతాం. రోగం ఆరోగ్యం వేషం వేసుకొని వస్తే ఎవరు మాత్రం పట్టుకోగలరు?

తినకపోవడానికీ, తినలేకపోవడానికీ తేడా ఆ నోట్లోనే ఉంది. టరాంటులా నమలదు. కోరలతో ఎరను పట్టి, జీర్ణరసం కక్కి, దాన్ని జావలా చేసుకొని పీల్చుకుంటుంది. నోరు చిన్న రంధ్రం. కోరల మొదళ్ల వెనక, ఎర్రటి నూగు చాటున ఉంటుంది. పైనుంచి చూస్తే కనిపించదు. సాలీడు గాజు గోడ ఎక్కినప్పుడు అడుగు నుంచి టార్చి వేసి చూడాలి. నులిపురుగులు చేరేది సరిగ్గా ఆ సందులోకే. నోటి పక్క అవయవాలు పట్టు తప్పుతాయి, కోరలు చెప్పినట్టు వినవు. ఎర ముందే తిరుగుతున్నా సాలీడు పట్టుకోలేదు. అసలే తక్కువ తిండితో బతికే ప్రాణి కాబట్టి ఆకలితో చావడానికీ నెలలు పడుతుంది. ఆ భాగం దగ్గర నేను చదవడం ఆపి కాసేపు కూర్చుండిపోయాను.

డిల్‌మన్ బృందం పురుగుల్ని సేకరించింది ట్రినిడాడ్ మూలాలున్న ఒక టరాంటులా జాతి నోటి నుంచి. ప్రయోగశాలలో ఈ-కోలై బ్యాక్టీరియా మేపి పెంచారు. ఒక్కో పురుగు బతికేది దాదాపు 11 రోజులు, పెట్టే సంతానం 160 దాకా. ఆడా మగా జత కూడాల్సిన పని కూడా లేదు, ఒకే ఒంట్లో రెండూ ఉంటాయి. అంటే ఒక్క పురుగు చేరితే చాలు. బహుశా అది సాలీడును తినడం లేదని, సాలీడు ఒంటి మీది బ్యాక్టీరియాను తింటోందని డిల్‌మన్ ఊహ. సాలీడు మాంసంతో పనే లేని అతిథి ఇంటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే, ఇంటివాళ్లు పస్తులతో పోతున్నారన్నమాట.

చరిత్ర రెండు ముక్కల్లో. పురుగుల రోగానికి కారణం వెతకడం కొత్తేమీ కాదు. ఒక సూక్ష్మజీవి జంతువుకు రోగం తెస్తుందని మొదట రుజువైందే పట్టుపురుగులో. సున్నం పూసినట్టు తెల్లబారి చచ్చే పురుగుల మీద బూజును ఇటలీలో అగస్టినో బాస్సీ 1835లో పట్టుకున్నాడు. 1865 నుంచి లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో పెబ్రిన్ అనే మరో పట్టుపురుగుల రోగం వెంట పడ్డాడు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు ఆ పేరు ఇప్పటికీ గుండెదడే. టరాంటులా నోట్లో నులిపురుగుల గురించి బ్రిటన్‌లో రోమైన్ పిజ్జీ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు 2003లోనే 'వెటర్నరీ రికార్డ్' పత్రికలో రాశారు. పట్టుకు డబ్బుంది కనుక రాజ్యాలు కదిలాయి. సాలీడుకు ఆ అండ లేదు.

లాస్ ఏంజెలెస్ పురుగుకు టరాంటోబెలస్ జెఫ్‌డానియెల్సీ అని పేరు పెట్టారు. 1990లో వచ్చిన 'అరాక్నోఫోబియా' సినిమాలో సాలీళ్లంటే హడలిపోయే డాక్టర్ పాత్ర వేసిన జెఫ్ డానియల్స్ పేరది. వార్తలన్నీ ఆ నటుడి పేరు చుట్టూనే తిరిగాయి. నాకది వెలితిగానే అనిపించింది. ఒక పెంపకందారు పట్టుదల, పురుగును పెంచి దాని బతుకంతా లెక్కగట్టిన ఓపిక, ఇవి కదా శీర్షికకెక్కాల్సినవి.

గుత్తి నుంచి గాజు పెట్టెదాకా

ఇదీ ఎడిటర్ గారు అడిగిన సంగతి. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వర్ణించిన ఈ నీలి సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అసలు నివాసం మాత్రం నల్లమల, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవి. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. దానికి మిగిలిన చోటు 100 చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ముప్పు అత్యధికంగా ఉన్న జీవుల్లో చేర్చింది. 2019లో దీని ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు. ఆ నీలం రంగుపొడి వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల్లోని అతిసూక్ష్మమైన పొరల అమరిక మీద వెలుగు ప్రతిఫలించి పుట్టే రంగు. ఇంత చిన్న అడవిలో బతికే జాతి దగ్గరికి పెంపకాల నుంచి నోటి పురుగు చేరితే ఏమవుతుందన్నది నన్ను వదలని ప్రశ్న.

మంగళవారం రాత్రి డాలస్ నుంచి మళ్లీ ఫోను. "అక్కా, వెల్లకిలా పడింది!" గొంతులో కంగారు లేదు, సంతోషం. టరాంటులా కుబుసం విడిచేది వెల్లకిలా పడుకునే. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిపోయిందనుకొని కదిలించి నిజంగానే చంపేస్తుంటారు. గంటల తర్వాత ఫొటో పంపాడు. పక్కన ఖాళీ చర్మం, చేతి తొడుగు విప్పి పడేసినట్టు. సాలీడు నోటి దగ్గర తెల్లగా మెరుస్తోంది! నా గుండె జారింది. వాడు నవ్వాడు. అవి కోరలు. కొత్త కోరలు తెల్లగా, మెత్తగా వస్తాయి. తర్వాత ఎర్రబడి, కొన్నాళ్లకు నల్లబడి గట్టిపడతాయి. అప్పటిదాకా మేత వేయకూడదు. కోరల తెలుపు నునుపుగా, రెండు కొనలుగా ఉంటుంది. రోగం తెలుపు కోరలకూ నోటికీ మధ్య చిక్కగా, పాలవిరుగులా పేరుకుంటుంది.

పెంచేవాళ్లకు

ఉపవాసం ఒక్కటే అయితే ఆగండి. ముడుచుకొని మందకొడిగా ఉండి, నోటి దగ్గర తడి తెలుపు కనిపిస్తే ఆ పెట్టెను వేరే గదికి మార్చండి. దాని పట్టకారు దానికే. చిన్న గూని ఈగలు పురుగుల్ని మోసుకెళ్తాయన్న అనుమానం బలంగా ఉంది కాబట్టి మిగిలిన మేతను లోపల కుళ్లనివ్వొద్దు. కాళ్లు వణికి, అడుగు తడబడటం వేరే జబ్బు. దానికి కారణం రుజువు కాలేదు కానీ పురుగుమందుల మీదే అనుమానం. సాలీళ్లున్న గదిలో దోమల మందు కొట్టొద్దు. నోటి పురుగుకు నమ్మదగిన మందు ఇప్పటికి లేదు. అందుకే ఒక్క మనవి. కారణం తెలియకుండా మీ సాలీడు చనిపోతే పారేయకండి. స్పిరిట్ పోసిన సీసాలో వేసి, తేదీ, చివరిసారి తిన్న రోజు చీటీ మీద రాసి అంటించండి. దగ్గరలోని పశువైద్య కళాశాలకో, జంతుశాస్త్ర విభాగానికో ఇవ్వండి.