అర్ధరాత్రి పిక్క పట్టినవేళ

పగలంతా నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు, రాత్రి నిద్రలో ఒక్కసారి కాలు చాపుతాడు. మరుక్షణం పిక్క రాయివలె బిగుసుకొంటుంది. ఆయన కేకకు ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. తేలు కుట్టిందేమోనని దీపం వెలిగించి పక్క దులిపేవారూ లేకపోలేదు!

కుట్టినదేమీ లేదు. నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది. అందువల్ల అప్పటికే కురచబడిన పిక్క కండరం, నరాల ప్రేరణతో మరింత ముడుచుకొని కొంకర్లు పోతుంది. వృద్ధులకూ, గర్భిణులకూ ఈ బాధ ఎక్కువ.

పాశ్చాత్య వైద్యులు దీనికి చిరకాలం ఇచ్చిన మందు క్వినైన్. మలేరియాకు వాడిన ఆ చేదుమందే. అది కొంత గుణమిచ్చే మాట నిజమే. కాని ఒక్కొక్కరిలో అది నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే కణాలను హఠాత్తుగా క్షీణింపజేస్తుంది; గుండె లయను తప్పిస్తుంది. పిక్క నొప్పికి ప్రాణం ఒడ్డడం ఏమి బేరం? వైద్యుని చీటీ లేకుండా ఈ బాధకు దానిని అమ్మరాదని అమెరికాలో 1994లో నిషేధించారు.

ఉపాయం సులభమైనది. మోకాలు చాపి, కాలివేళ్లను పట్టుకొని పాదాన్ని మెల్లగా తనవైపు లాగాలి. లేవగలిగినవారు గోడకు చేతులాన్చి, మడమ నేలకు అదిమి ముందుకు వంగవచ్చు. నెదర్లాండ్సులో 55 ఏండ్లు దాటినవారు ఆరు వారాలపాటు పడుకోబోయే ముందు పిక్కలనూ, తొడ వెనుక కండరాలనూ సాగదీయగా కొంకర్లు తగ్గినట్లు 2012లో ప్రకటించిన పరిశోధన తెలిపింది.

ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చబడి, నొప్పి విడవకున్నదా? అది కొంకర కాకపోవచ్చు. సిరలో నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు పిక్కను మర్దించక వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలసినదే.