యాసను చూసి నవ్వని నటుడు

టెక్కలిలో పలాస బస్సెక్కి కూర్చుంటే చాలు, సిక్కోలు మాట చెవుల నిండా వినబడుతుంది. "ఏటి మావా, ఎటెల్తన్నావు?" అని ఒకరు పలకరిస్తే, "జీడిపిక్కల బేరానికెల్తన్నానురా" అని ఇంకొకరి జవాబు. ఆ బస్సులోనే టోపీ పెట్టుకున్న పెద్దాయన పక్క సీటులోని మనవడితో ఉర్దూలో రెండు మాటలాడి, కండక్టరు రాగానే అదే సిక్కోలు యాసలోకి మారిపోతారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఉద్దానం తెలుగు. ఈ జిల్లాలో మనవాళ్ళు కొద్దిమందే. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు కారు. గోల్కొండ కుతుబ్ షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మస్జిదు శ్రీకాకుళంలో నేటికీ నిలిచి ఉంది. కాబట్టి ఈ యాస మనది కూడా.

సినిమా చూడటం మంచిదా, చెడ్డదా అన్న చర్చ జోలికి మేము ఇక్కడ పోవడం లేదు. మన పిల్లలు చూస్తున్నారు, మనమూ చూస్తున్నాం. చూస్తున్న దాంట్లో మనకు ఏం కనబడుతోంది అన్నదే మా ప్రశ్న. ఏళ్ళ తరబడి తెలుగు తెర మీద సిక్కోలు యాస పనివాడి నోట, అమాయకుడి నోట నవ్వించడానికే పనికొచ్చింది. తెలంగాణ యాస రౌడీకో, హాస్యగాడికో దక్కింది. ఇక సాయిబు పాత్ర వస్తే "నంకీ, నింకీ" అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడాల్సిందే. ఈ ముగ్గురినీ చూసి హాలంతా నవ్వింది. ఆ ముగ్గురూ కూడా టికెట్టు కొనుక్కుని అదే హాల్లో కూర్చున్నారు.

శ్రీకాకుళం కథకులు ఈ మాటకు ఎప్పుడో గౌరవం తెచ్చారు. "యజ్ఞం" రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి తెలుగు కథలకు ఒక ఇల్లు కట్టారు. పుస్తకంలో దక్కిన ఆ గౌరవం తెర మీద దక్కడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

2020 మార్చి 6న "పలాస 1978" విడుదలైంది. దర్శకుడు కరుణ కుమార్‌ది ఈ ప్రాంతమే. అట్టడుగు కులంలో, ఆటాపాటా తెలిసిన ఇంట్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల కథ ఇది. షావుకార్ల పంతాలకు ఈ అన్నదమ్ముల కండబలం పనిముట్టు అవుతుంది. పని తీరాక వాళ్ళ కులం గుర్తుకొస్తుంది. తమ్ముడు మోహనరావుగా రక్షిత్, అన్న రంగారావుగా తిరువీర్ నటించారు. సినిమా వచ్చిన కొద్ది రోజులకే కరోనా వల్ల హాళ్ళు మూతబడ్డాయి. తర్వాత జనం ఇళ్ళల్లో, ఫోన్లలో చూశారు.

ఈ ఇద్దరిలో తిరువీర్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆయనది రంగారెడ్డి జిల్లా. నాటకరంగం నుంచి వచ్చిన యువకుడు. పేరున్న సినిమా కుటుంబం వెనక లేదు. 2019లో "జార్జ్ రెడ్డి"లో లలన్ సింగ్ అనే ప్రతినాయక పాత్ర వేశాడు. ఆ మరుసటి ఏడాదే పలాస రంగారావు అయ్యాడు. తన సొంత యాసను చూసి తెర మీద నవ్విన రోజులను ఎరిగిన ప్రాంతంవాడు, మరొకరి యాసను నోట పట్టించుకుని, నవ్వులాట చేయకుండా పలికాడు. రంగారావుకు కోపం వచ్చినా ఆ మాటే, దుఃఖం వచ్చినా ఆ మాటే. చూసేవాళ్ళకు నవ్వు రాలేదు. భయం వేసింది, జాలి కలిగింది. నటుడి నిజాయితీ అంటే మా దృష్టిలో ఇదే.

2023లో వచ్చిన "పరేషాన్"లో అతడు మంచిర్యాల బొగ్గుగనుల ప్రాంతపు కుర్రాడు ఐజాక్. 2025 నవంబరు 7న విడుదలైన "ది గ్రేట్ ప్రీ వెడ్డింగ్ షో"లో మళ్ళీ సిక్కోలు వైపు వచ్చి, పెళ్ళి ఫొటోలు తీసే రమేష్ అయ్యాడు. ఈసారి నవ్వులున్నాయి. కానీ ఆ నవ్వు అతడు పడే అవస్థను చూసి వచ్చేది, అతడి భాషను చూసి వచ్చేది కాదు. ఈ రెండు నవ్వులకూ మధ్య ఉన్న తేడా మన పిల్లలకు చెప్పాలి.

2022 నవంబరులో వచ్చిన "మసూద" మాటా చెప్పకపోతే అన్యాయం. అందులో తిరువీర్ పక్కింటి తల్లీకూతుళ్ళకు సాయపడే భయస్తుడైన ఉద్యోగి. దయ్యం పేరు ముస్లిం పేరు, వదిలించేవాడూ ముస్లిమే. అతడి నటనకు మేము వంక పెట్టలేము. కానీ సాయిబు అంటే నవ్వించేవాడు, లేకపోతే తావీజులు కట్టేవాడు అన్న చట్రం నుంచి తెర ఇంకా పూర్తిగా బయటపడలేదన్నది నిజం. అయితే ఈ తప్పంతా సినిమావాళ్ళ మీదికి నెట్టి ఊరుకోలేము. ఉలమాలు వద్దని ఎంత చెబుతున్నా తావీజుల కోసం బారులు తీరేది మనమే. మనం చూపించిందే వాళ్ళు తీస్తున్నారు.

ఇంకా చేదైన సంగతి ఒకటి ఉంది. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, ఎబ్బెట్టు పేర్లతో పిలవరాదని ఖుర్ఆన్ సూరా హుజురాత్‌లో బోధిస్తుంది. మనుషుల భాషలూ రంగులూ వేర్వేరుగా ఉండటం అల్లాహ్ సూచనల్లో ఒకటని సూరా రూమ్ చెబుతుంది. ఇవి మనం జుమా ఖుత్బాల్లో విన్నవే. విని బయటకు వచ్చాక ఏం చేస్తున్నాం? ఉర్దూ రాని నూర్‌బాషా సోదరుణ్ణి చూసి ముసిముసిగా నవ్వుతాం. సిక్కోలు నుంచి వచ్చిన కుర్రాడు సలాం చెబితే, ఆ ఉచ్చారణను పక్కవాడికి అనుకరించి చూపిస్తాం. నమాజులో భుజం భుజం కలిపి నిలబడినవాళ్ళం, మస్జిదు మెట్లు దిగగానే మాటను బట్టి మనిషిని తూచడం మొదలుపెడతాం.

ఉద్దానం ఇప్పటికే చాలా చూసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం దగ్గర ఒడ్డు దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను గుల్ల చేసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. బతుకుతెరువు కోసం ఊరు వదిలి హైదరాబాదుకో చెన్నైకో పోయిన ఉద్దానం గుంటడు అక్కడ మొదట దాచుకునేది తన యాసనే. చేతులకు అంటిన జీడిసొన మరకను కూడా అంతగా దాచడు.

రంగారెడ్డి జిల్లా నుంచి వచ్చిన ఒక నటుడు ఆ యాసను నేర్చుకుని, తలెత్తుకుని పలికాడు. అతడు మన మతంవాడు కాడు, ఆ ఊరివాడూ కాడు. అయినా అవతలి మనిషి మాటను అమానత్‌లా జాగ్రత్తగా పట్టుకున్నాడు. వచ్చే శుక్రవారం మన పక్కన కొత్త యాసతో సలాం చెప్పేవాడు కూర్చుంటే, నవ్వు ఆపుకుని నిండు మనసుతో జవాబు చెబుదాం. అది చెప్పడానికి సినిమా చూసి ఉండనక్కరలేదు.